ఫిర్యాదు: మీ కార్బ్యురేటర్ కిట్‌లో జెట్ మీద నంబర్ ఒకటి, లోపల బెజ్జం ఇంకొకటి

క్వాలిటీ కంట్రోల్ మేనేజర్ గారికి,

విషయం: 100 సీసీ బండ్లకు మీరు అమ్ముతున్న కార్బ్యురేటర్ రిపేర్ కిట్‌లో స్లో జెట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజనుకు పెట్రోలు కొలిచి వదిలే సన్న బెజ్జం ఇత్తడి ముక్క), మిక్చర్ స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది), ఫ్లోట్ పిన్ను (పెట్రోలు నిలిచే చాంబర్ నిండగానే రాక ఆపేది) లోపాలు, కిట్‌తో ఇచ్చే కాగితంలో తప్పు సూచన గురించి.

అయ్యా,

విజయవాడ ఆటోనగర్‌లో టూవీలర్ పని చేసే మెకానిక్‌లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మీ కిట్ వేసిన స్ప్లెండర్, ప్యాషన్ బండ్లు తిరిగి షెడ్డుకు వస్తున్నాయి. అందరిదీ ఒకటే కంప్లయింటు. రోడ్డెక్కితే బాగానే లాగుతుంది, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతుంది. ఇంజను వేగం పెంచే ఆర్‌పీఎం స్క్రూ బిగించి ఎలాగో నిలబెడితే, ఇంజను వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా రేస్ వెంటనే దిగడం లేదు.

మీ డీలర్‌కు చెబితే ‘ట్యూనింగ్ సరిగ్గా చేసి ఉండరు’ అన్నారు. కాబట్టి లోపం కిట్‌లోనే ఉందని ఎలా తేల్చామో ముందు రాస్తున్నాం.

స్లో (యాక్సిలరేటర్ వదిలినా ఇంజను ఆగకుండా తిరగడం) నిలవకపోవడానికి కార్బ్యురేటర్‌తో సంబంధం లేని కారణాలు చాలా ఉంటాయి. అందుకే ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ చూశాం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు టాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) సరిచేశాం. యాక్సిలరేటర్ కేబుల్‌కు 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే ఉంచాం. కార్బ్యురేటర్ ఫ్లాంజ్‌ను, అంటే ఇంజను వైపు బిగించే అంచును, అద్దం మీద పెట్టి వంపు లేదని చూసుకున్నాం. నట్లు అతిగా బిగిస్తే ఆ ఫ్లాంజ్ వంగుతుంది, వంగితే ఎంత మంచి కిట్ వేసినా పక్కనుంచి గాలి లాగుతుంది. తర్వాత బండి స్లోలో ఉండగా కార్బ్యురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే ఇన్సులేటర్ చుట్టూ కార్బ్ క్లీనర్ కొట్టాం. గాలి లీకు ఉంటే రేస్ మారాలి, మారలేదు.

అప్పుడు మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే చోక్ సగం లాగాం. అంతవరకు ఎగుడుదిగుడుగా కొట్టుకుంటున్న ఇంజను నిలకడగా తిరిగింది. చోక్ వేస్తే కుదురుకుంటోందంటే స్లోలో పెట్రోలు తక్కువ అందుతోందన్న మాట. ఇక మిగతావేవీ కదపకుండా చాంబర్ విప్పి, మీ స్లో జెట్ తీసి, బండికి మొదట్నుంచీ ఉన్న పాత జెట్‌ను క్లీనర్‌తో కడిగి, గాలి కొట్టి వేశాం. చోక్ లేకుండానే 1400 ఆర్‌పీఎం దగ్గర బండి నిలబడింది. మళ్లీ మీ జెట్ వేస్తే మళ్లీ అదే తంతు. మారింది ఆ ఒక్క ఇత్తడి ముక్కే.

పిన్ గేజ్ (కొలత తెలిసిన సన్న పిన్నులు) పెట్టి కొలిచాం. మీ జెట్ మీద ముద్ర 38. ఈ రకం జెట్లలో ఆ అంకె బెజ్జం వ్యాసం, అంటే 0.38 మిల్లీమీటర్లు. మీ జెట్‌లో 0.35 పిన్ను బిగుతుగా దిగింది, 0.36 దిగలేదు. తేడా వెంట్రుక మందం కన్నా తక్కువే. కానీ బెజ్జంలోంచి పారే పెట్రోలు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 0.38 బెజ్జం 0.35 అయితే వైశాల్యం సుమారు 15 శాతం పడిపోతుంది. యాక్సిలరేటర్ బాగా తెరిచినప్పుడు పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్‌లో 0.03 తేడాను ఇంజను పెద్దగా లెక్కచేయదు. స్లో జెట్ బెజ్జమే అంత సన్నం కాబట్టి ఇక్కడ అది చాలా పెద్ద తేడా. స్లో సర్క్యూట్ ప్రభావం ముఖ్యంగా యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు తెరిచేదాకా ఉంటుంది. అందుకే రోడ్డు మీద కనపడని లోపం సిగ్నల్ దగ్గర బయటపడుతోంది.

పైగా ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. తూకంలో చూస్తే ఒక పాలు మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలు. అంటే సరైన జెట్ ఉన్న పాత బండిలోనే మిశ్రమం కొంత పలచబడుతోంది. దాని మీద మీ సన్న జెట్ తోడైతే ఇంజను ఏం నిలబడుతుంది?

ఇంకో జెట్‌లో మధ్య బెజ్జం సరిగ్గానే ఉంది గానీ, పక్కన గాలి కలవడానికి పెట్టే చిన్న బెజ్జాల అంచుల్లో ఇత్తడి రజను అంటుకుని ఉంది. లెన్సు కింద పెట్టి చూస్తే ఒక బెజ్జం సగం మూసుకుపోయింది. డ్రిల్ చేశాక అంచులు శుభ్రం చేయకపోతే ఇలాగే ఉంటుంది. మీ కాగితంలో ‘జెట్‌ను పిన్నుతో శుభ్రం చేయండి’ అని రాశారు. దయచేసి ఆ మాట తీసేయండి. ఇత్తడి మెత్తన, ఉక్కు పిన్ను పెట్టి గెలికితే బెజ్జం పెద్దదై జెట్ పాడవుతుంది.

మిక్చర్ స్క్రూ సంగతి. మీ స్క్రూ మొన కోణం అసలు స్క్రూ కన్నా మొద్దుగా ఉంది. అసలు దాన్ని ఎనిమిదో వంతు చుట్టు తిప్పితే రేస్ కొద్దికొద్దిగా మారుతుంది, సరైన చోటు చేతికి తెలుస్తుంది. మీదాన్ని పావు చుట్టు తిప్పేసరికి ఈ కొస నుంచి ఆ కొసకు దాటిపోతోంది. కొన్ని ప్యాకెట్లలో స్క్రూకు స్ప్రింగు ఉంది గానీ, దాని తర్వాత రావాల్సిన సన్న వాషర్, ఓ-రింగ్ (గాలి చొరకుండా ఆపే రబ్బరు చుట్టు) లేవు. ఓ-రింగ్ లేని స్క్రూ తన పక్కనుంచే గాలి తీసుకుంటుంది, దాన్ని ఎంత తిప్పినా లాభం లేదు.

అన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది మీ కాగితంలోని ఈ వాక్యం: ‘స్లో నిలవకపోతే స్క్రూ బయటికి తిప్పండి, పెట్రోలు పెరుగుతుంది.’ ఇది అన్ని కార్బ్యురేటర్లకూ వర్తించదు. స్క్రూ ఇంజను వైపు ఉంటే అది మిశ్రమాన్ని వదిలే స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరిగి మిశ్రమం ఇంకా పలచబడుతుంది. రెండు రకాల కార్బ్యురేటర్లకూ మీరు ఒకే కాగితం పెడుతున్నారు. కొత్తగా పని నేర్చుకునే కుర్రవాడు దాన్ని నమ్మి గాలి స్క్రూను బయటికి తిప్పుతూ పోతాడు, బండి ఇంకా మొరాయిస్తుంది. మేము అడిగేది ఈ మాత్రం వివరమే:

బండిని పది నిమిషాలు నడిపి ఇంజను వేడెక్కనివ్వాలి, చోక్ పూర్తిగా తీసేయాలి. మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పి, తగిలీ తగలగానే ఆపాలి. బలంగా బిగిస్తే మొన అరిగిపోతుంది, లేదా విరిగి లోపలే ఉండిపోతుంది. అక్కడినుంచి ఆ మోడల్‌కు చెప్పినన్ని చుట్లు బయటికి తిప్పాలి. ఆర్‌పీఎం స్క్రూతో 1400 దగ్గర పెట్టి, మిక్చర్ స్క్రూను అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ రేస్ ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట వదలాలి. రేస్ పెరిగితే ఆర్‌పీఎం స్క్రూతో మళ్లీ 1400కు దించాలి. చివరగా యాక్సిలరేటర్ ఒకసారి గుంజి వదిలి, బండి ఆగకుండా స్లోకు దిగుతోందో లేదో చూడాలి.

ఫ్లోట్ పిన్ను రబ్బరు మొన, చాంబర్ ప్యాకింగ్ కూడా ఇప్పటి పెట్రోలుకు ఆగడం లేదు. రాత్రంతా పెట్రోలులో ఉంచిన మీ ప్యాకింగ్ పొద్దున్నకు ఉబ్బి, చాంబర్ గాడిలో పట్టలేదు. పిన్ను మొన ఉబ్బినా, సీటు మీద సరిగ్గా కూర్చోకపోయినా చాంబర్ పొంగుతుంది, ప్లగ్ నల్లబడుతుంది, పెట్రోలు కాక్ మూయడం మరిస్తే ఇంజనాయిల్లో పెట్రోలు కలిసే ప్రమాదం కూడా ఉంది. పెట్రోలు కారడమంటే మంటల భయం కూడా, ఇది మైలేజీతో పోయేది కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగపై బీఎస్ 6 నిబంధన వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ కార్బ్యురేటర్ వదిలి ఇంజెక్షన్‌కు మారిపోయాయి. కార్బ్యురేటర్ బండ్లు నడుపుతున్నది పాలు పోసేవాళ్లు, కూరగాయలు తెచ్చేవాళ్లు, రోజు కూలికి వెళ్లేవాళ్లు. ఒక్క జెట్ కోసం కొత్త కార్బ్యురేటర్ కొనే స్తోమత వాళ్లకు లేదు. వాళ్లు నమ్ముకున్నది మీలాంటి కంపెనీల కిట్‌నే.

కాబట్టి ఈ కిట్ సరుకును డీలర్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోండి. ఇప్పటికే వేసినవాటికి ఉచితంగా కొత్త జెట్, స్క్రూ, పిన్ను ఇవ్వండి. జెట్ అంకె బెజ్జం వ్యాసమా, నిమిషానికి పారే పెట్రోలా అన్నది ప్యాకెట్ మీద తెలుగులో కూడా ముద్రించండి. స్క్రూ రకాన్ని బట్టి వేరువేరు కాగితాలు పెట్టండి. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం లేవు, చట్ట ప్రకారం అవి ఉండి తీరాలి. అవి లేకపోతే ఏ సరుకు చెడ్డదో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

కొలిచిన జెట్లు, ఉబ్బిన ప్యాకింగ్, బిల్లుల నకళ్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాం. అసలు బిల్లులు మా దగ్గరే ఉన్నాయి. నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేసి, బండి యజమానులతో కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. మీ ఇంజనీరును పంపితే ఇదే పరీక్ష ఆయన ఎదుట, ఆయన తెచ్చిన జెట్‌తోనే చేసి చూపిస్తాం.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్‌లు,
ఆటోనగర్, విజయవాడ