ఆసిల్లోస్కోప్ (పాతది) – 1

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వారి వేలం ప్రకటన చూశాను. విరిగిన కుర్చీలు, యూపీఎస్ బ్యాటరీలు, తుప్పు పట్టిన కూలర్లు. వాటి మధ్యన ఒక వరుస: 'ఆసిల్లోస్కోప్ (పాతది) – 1'. కరెంటు సిగ్నల్ ఎలా ఊగుతోందో తెర మీద గీతగా చూపే పరికరం అది. చాయ్ పక్కన పెట్టేశాను. అచ్చం అలాంటి వరుసే 12 ఏళ్ల కింద నా చేత్తో నేను రాశాను.

నేను 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. ఎక్కడన్నది అనవసరం. మా దగ్గర టెక్ట్రానిక్స్ 11801 ఉండేది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన కంపెనీది. ఒక్కడే ఎత్తితే నడుం పట్టేసే పెట్టె. తెర మీద వేలు పెడితే మెనూ తెరుచుకునేది, టచ్ ఫోన్లంటే ఏమిటో మనకు తెలియని రోజుల్లో.

అది పనిచేసే తీరు పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి. గోదావరి ఎక్స్‌ప్రెస్ మొత్తాన్నీ ఫొటో తీయాలి. నీకున్నదేమో గోడలో సన్నని సందు, అందులోంచి ఒక్క కిటికీయే కనిపిస్తుంది. కానీ బండి రోజూ వస్తుంది కదా! ఇంజన్ దాటిన క్షణం నుంచి లెక్కపెట్టి ఇవాళ మొదటి కిటికీ తీయి, రేపు ఇంకాస్త ఆగి రెండోది తీయి. కొన్నాళ్లకు బండి మొత్తం గోడకు అతికించుకోవచ్చు. ఈ స్కోపు చేసేదీ అదే. సెకనుకు 2 లక్షల శాంపిళ్లకు మించి తీసుకోలేదు, అయినా 20 గిగాహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు 2 వేల కోట్ల సార్లు ఊగే సిగ్నల్ దాకా చూపిస్తుంది. కాకపోతే బండి, అంటే సిగ్నల్, రోజూ ఒకేలా రావాలి. ఇంజన్ వచ్చిందని చెప్పే ట్రిగ్గర్ మనమే విడిగా ఇవ్వాలి.

అసలు విద్యంతా పెట్టెలో కాదు, ముందువైపు గూళ్లలో దూర్చే శాంప్లింగ్ హెడ్లలో, అంటే సిగ్నల్‌ను పట్టుకునే చిన్న విడి పెట్టెల్లో ఉంది. నాలుగు గూళ్లు, హెడ్డుకు రెండు చానళ్లు. మావి ఎస్‌డీ-24లు. రైజ్ టైమ్, అంటే సిగ్నల్ ఒక్కసారిగా లేస్తే దాన్ని అందుకోవడానికి పట్టే సమయం, 17.5 పికోసెకన్లు (సెకనులో లక్ష కోట్లో వంతు ఒక పికోసెకను), అంత సేపట్లో వెలుతురు కూడా అర సెంటీమీటరే నడుస్తుంది. పైగా ఈ హెడ్డు తనే ఒక పల్స్ పంపి, వెనక్కి తిరిగొచ్చినదాన్ని బట్టి కేబుల్ ఎక్కడ నలిగిందో, కనెక్టర్ ఎక్కడ వదులైందో వేలు పెట్టి చూపినట్టు చెబుతుంది.

పెట్టెకు వచ్చే జబ్బు వేరు. లోపలి మెమరీ చిప్పుల్లోనే బ్యాటరీ పెట్టి మూసేశారు, పదేళ్లన్నది ఇరవై ఏళ్లు లాగినా ఏదో ఒకరోజు అయిపోవాల్సిందే. మాది ఒక వేసవి సెలవుల తర్వాత ఆన్ చేస్తే సెల్ఫ్ టెస్ట్ దగ్గరే ఆగిపోయింది. కమిటీ కూర్చుని కండెమ్, అంటే ఇక పనికిరాదు, తీసేయమంది. స్టాక్ రిజిస్టర్‌లో కొన్ననాడే 'ఆసిల్లోస్కోప్ విత్ యాక్సెసరీస్ – 1' అని ఉంది, నేను అదే దించేశాను. హెడ్లు విడిగా చూపాలంటే పాత బిల్లులు వెతకాలి, ఇంకో సంతకం, ఇంకో వారం. బద్ధకించాను.

మూడు నెలలకు వాటిని భోలక్‌పూర్ తుక్కు దుకాణంలో చూశాను. అల్యూమినియం ఒక కుప్ప, బోర్డులు ఒక కుప్ప. రెండు హెడ్లు అప్పటికే సుత్తి దెబ్బ తిన్నాయి, కనెక్టర్ల మీది బంగారు పూత కోసం. మూడోది చేతిలోకి తీసుకుంటే, 'క్యా హై సాబ్, టేప్‌రికార్డర్ కా?' అన్నాడు దుకాణం వాడు. 300 ఇచ్చి తెచ్చుకున్నాను.

తెలిసిన లెక్చరర్ గారి ల్యాబ్‌లో సీఎస్ఏ 803 ఉంది, ఇవే హెడ్లు వేసుకునే పెట్టె. దూర్చి చూశాం. ఒక చానల్ పోయింది, స్టాటిక్, అంటే బట్టల రాపిడికి ఒంటి మీద పేరుకునే కరెంటు, కొట్టి ఉంటుంది. దానికి 3 వోల్టులు దాటినా ప్రమాదమే, మన టెరికాట్ చొక్కా చాలు. రెండో చానల్‌లో గీత కదలకుండా నిలబడింది. ఇప్పటికీ ఎంటెక్ పిల్లలు దాని మీదే కేబుళ్లు కొలుస్తున్నారు.

కాలేజీల వారిని నేను అడిగేది చిన్నది. కండెమ్ ఫారంలో మాడ్యూళ్లకు, అంటే హెడ్ల లాంటి విడి భాగాలకు, ఒక గడి పెట్టండి. పెట్టె చచ్చిందని గూట్లో ఉన్నదాన్నీ కలిపి తూకం వేయకండి. మోడల్ నంబరు, హెడ్ల నంబర్లు విడివిడిగా రాసి, సర్వీస్ మాన్యువల్ ఉంటే జతచేసి, ముందు తోటి కాలేజీలకు ఒక ఉత్తరం వేయండి. ఎవరూ అడగకపోతే అప్పుడు వేలం.

ఆ ప్రకటనలో సామాను చూసుకోవడానికి 24వ తేదీ దాకా గడువిచ్చారు. నేను సోమవారం వెళ్తున్నాను. గూళ్లు ఖాళీగా ఉంటే చూసి వచ్చేస్తాను. లేకుంటే కనెక్టర్లకు పెట్టే మూతలు, యాంటీస్టాటిక్ సంచులు నా దగ్గర ఉన్నవి తెస్తాను, వాటికి డబ్బేమీ వద్దు. స్టోర్ కీపర్ గారు అందాకా ఆ కనెక్టర్ల మధ్య పిన్నును ఎవరినీ ముట్టుకోనీయకుండా చూస్తే చాలు.

– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కుషాయిగూడ
(పేరు వేయవద్దని మనవి. ఆ రిజిస్టర్‌లో నా సంతకం ఇంకా ఉంది.)