గండగైలో చూడాల్సింది కుక్క బొమ్మ ఒక్కటేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం సంచికలో వచ్చిన ఆస్ట్రేలియా విహారయాత్రల పేజీ గురించి రాస్తున్నాను. పిల్లల పరీక్షల వల్ల ఇన్నాళ్ళు ఆలస్యమైంది గానీ, కోపం మాత్రం తగ్గలేదు. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు కారులో వెళ్ళేవాళ్ళు ఆగాల్సిన చోట్లలో గండగైకి నాలుగు వాక్యాలు ఇచ్చారు. ఆ నాలుగూ కుక్క బొమ్మ మీదే. ఊరి పేరు కూడా ‘గుండగాయి’ అని అచ్చయింది.

కుక్క బొమ్మను నేను తక్కువ చేయడం లేదు. సద్దిపెట్టె మీద కాపలా కూర్చున్న ఆ కంచు కుక్క పాతకాలపు ఎడ్లబండ్ల వాళ్ళ జ్ఞాపకం. దాన్ని 1932లో అప్పటి ప్రధాని జోసెఫ్ లయన్స్ ఆవిష్కరించారు. ఏటా సెలవుల్లో మేమూ అక్కడ ఆగుతాం, పులిహోర డబ్బా విప్పుతాం, పిల్లలు ఫొటో దిగుతారు. అయితే ఆ బొమ్మ ఉన్నది ఊళ్ళో కాదు. ఊరికి ఎనిమిది కిలోమీటర్లు ఇవతల, హైవే పక్కన ఉంది. మనవాళ్ళ కార్లన్నీ అక్కడే ఆగి, మరంబిడ్జీ నది మీది పెద్ద వంతెన ఎక్కి ఆగకుండా వెళ్ళిపోతాయి. ఊరు పక్కనే, కిందుగా ఉండిపోతుంది. మీ పేజీ చదివినవాళ్ళు కూడా అదే చేస్తారు. నా బాధ అది.

హైవే దిగి షెరిడాన్ వీధిలోకి వెళ్తే ఇద్దరు మనుషుల కంచు విగ్రహాలు కనిపిస్తాయి. ఒకరు యారీ, ఇంకొకరు జాకీ జాకీ. ఇద్దరూ ఆ నేల మీద తరతరాలుగా ఉన్న విరాడ్జురీ జాతి వాళ్ళు. తెల్లవాళ్ళు ఊరు కడతామని నదికీ వాగుకీ మధ్య పల్లంలో ముగ్గులు పోసుకుంటే, ఇక్కడికి నీళ్ళొస్తాయి, వద్దని వాళ్ళవాళ్ళు చెప్పారు. ఎవరూ వినలేదు. 1844లో ఒక వరద వచ్చింది. అయినా కదల్లేదు. 1852 జూన్‌లో రాత్రికి రాత్రి నది ఊరి మీద పడింది. ఊరి జనాభా 250 దాకా ఉంటే, పోయినవాళ్ళు కనీసం 78 మంది. మిగిలినవాళ్ళు ఇళ్ళ కప్పుల మీద, చెట్ల కొమ్మల మీద చలిలో వేలాడుతూ ఉన్నారు. యారీ చెట్టు బెరడు ఒలిచి చేసిన పడవ వేసుకుని, ఆ వడిలో, చీకట్లో కూడా, ఒక్కొక్కరినే ఒడ్డుకు చేర్చాడు. జాకీ జాకీ ఇంకో పడవ నడిపాడు. మరికొందరు విరాడ్జురీలు కూడా సాయపడ్డారు. వాళ్ళు కాపాడినవాళ్ళు 60 మందికి పైగా ఉన్నారు. ఎవరిని? తమ నేలను ఆక్రమించుకున్నవాళ్ళని! ఆ తర్వాతే ఊరు మెరక మీదికి మారింది.

నేను కోనసీమ లంకలో పుట్టినదాన్ని. 1986 ఆగస్టులో గోదావరి మా వీధిలోకి వచ్చినప్పుడు మా అమ్మమ్మని, నన్ను పడవలో ఎక్కించుకున్న మనిషి పేరు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ విగ్రహాల ముందు నిలబడినప్పుడు నాకు కన్నీళ్ళాగలేదు. మా చిన్నవాడు ఆ కంచు పడవ అంచు మీద చెయ్యి పెట్టి, "అమ్మా, ఇంత చిన్న దాంట్లోనా?" అన్నాడు. ఈ ఒక్క మాట కోసమైనా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలి.

ఈ విగ్రహాలు పెట్టింది 2017లో, అంటే 165 ఏళ్ళ తర్వాత. శౌర్య పతకాలు ఇచ్చింది 2018లో. బతికుండగా వాళ్ళకు దక్కినవి మెడలో వేసుకునే కంచు బిళ్ళలు, ఊళ్ళో వాళ్ళను ఆరేసి పెన్నీలు అడిగి తీసుకునే వీలు. ప్రభుత్వాలకు గుర్తుకు రావడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే ఏమనాలి? ఇప్పుడు మీరు కూడా ఒక్క వాక్యం ఇవ్వలేకపోయారు.

అధికారుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ పల్లం మీదుగా ఊరికి పొడవాటి చెక్క వంతెన ఉండేది. 1977లో హైవే పక్కకు మళ్ళాక దాని ఆలనా పాలనా చూసినవాళ్ళు లేరు. చెక్క కుళ్ళింది, ప్రమాదం అన్నారు, 2021లో కూల్చేశారు. పక్కనే పాత రైలు చెక్క వంతెన మాత్రం మిగిలింది. వెళ్ళి చూడండి, అదీ ఎన్నాళ్ళుంటుందో! ఇక్కడా అక్కడా ఒకటే తంతు. మా రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన 1900 నాటిది. 1997లో రైళ్ళు ఆపేశారు. అప్పటి నుంచి పర్యాటక కేంద్రం చేస్తామనే మాట ఎన్ని ప్రభుత్వాల నోట విన్నామో లెక్కలేదు. కట్టినవాళ్ళ కష్టం తెలియని చేతుల్లో పడితే ఏ వంతెనకైనా ఇదే గతి.

షెరిడాన్ వీధిలోనే సందర్శకుల కేంద్రంలో పాలరాతి గుడి ఉంది. కుక్క బొమ్మ చేసిన ఫ్రాంక్ రస్కోనీయే 28 ఏళ్ళు కూర్చుని, 20,948 రాతి ముక్కలు చేత్తో సానపట్టి అతికాడు. బల్ల మీద పట్టేంత గుడి. దగ్గరికి వంగి చూస్తే గానీ అతుకులు కనబడవు. మీ విలేకరి కుక్క దగ్గర దిగిన ఫొటో వేశారు గానీ, అదే మనిషి జీవితమంతా పోసి చేసిన ఈ పని చూడనే లేదు.

దయచేసి వచ్చే సంచికలో సవరణ వేయండి. ఊరి పేరు గండగై. కుక్క బొమ్మ దాటాక వంతెన ఎక్కకముందే ఊళ్ళోకి తిరగాలి. షెరిడాన్ వీధిలో విగ్రహాలు ఎవరివో కూడా పేర్లతో రాయండి: యారీ, జాకీ జాకీ.

ఇట్లు,
మీ పాతికేళ్ళ పాఠకురాలు,
సిడ్నీ