బోర్డు ఎక్కాలనుకుంటున్న బుజ్జితల్లికి

డెన్వర్,
నవంబరు 18

బుజ్జితల్లీ,

రాత్రి ఫోనులో నువ్వు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. "అమ్మా, స్కీలు మానేసి నీలాగా స్నోబోర్డు నేర్చుకుంటాను, డిసెంబరులోనే మొదలుపెడతాను, బోర్డు మీద మోకాలు మెలిపడదు కదా" అన్నావు. నేను "చూద్దాంలే" అని మాట మార్చాను. ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ నాన్న లేవకముందే వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

బోర్డుకు మారడం మంచి ఆలోచన. డిసెంబరులో మాత్రం వద్దు.

నా కుడి మోకాలు ఎలా దెబ్బతిన్నదో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు నీకు 13 ఏళ్ళు, కింద బెంచీ మీద కూర్చుని నాకోసం చూస్తున్నావు. 2014 జనవరి. ఆ రోజుకు స్కీల మీద కొండ దిగడం అదే ఆఖరు. వేగంగా కూడా లేను. తొడలు అలసిపోయి, నాకు తెలియకుండానే వెనక్కి వాలి, కుర్చీలో కూర్చోబోయినట్టు అయిపోయాను. కొండ కింది వైపు ఉన్న స్కీ తోక, అంటే వెనక కొస, మంచులో పట్టుకుని తిరిగింది. ఒళ్ళు ఒకవైపు వెళ్ళింది, పాదం ఇంకొకవైపు వెళ్ళింది. మోకాట్లో పుటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు ఊడలేదు.

ఆ బైండింగు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. తరవాత చదివి తెలుసుకున్నాను, అది ప్రధానంగా కాపాడేది మోకాలి కింది కాలి ఎముకనట. ఒకప్పుడు స్కీయింగ్ అంటే కాలు విరగడమే. బైండింగులు బాగుపడ్డాక ఆ విరుగుళ్ళు బాగా తగ్గాయి. మోకాలిలో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ల సంగతి మాత్రం అలా కాలేదు. వెర్మాంట్‌లోని షుగర్‌బుష్ అనే స్కీ రిసార్టులో 1972 నుంచి ఏళ్ళ తరబడి గాయాల లెక్కలు రాసిన జాన్సన్, ఎట్లింజర్, షీలీ అనే పరిశోధకులు నేను పడిన తీరుకు 'ఫాంటమ్ ఫుట్' అని పేరు పెట్టారు. స్కీ తోక మన మడమ వెనక మొలిచిన ఇంకొక పాదంలా పనిచేసి మోకాలిని తిప్పేస్తుంది. తుంటి మోకాలికన్నా కిందికి జారి, బరువంతా కింది స్కీ లోపలి అంచు మీద పడిందంటే ఇక అంతే. అందుకే మెల్లగా పడినవాళ్ళకే ఎక్కువ నష్టం జరిగినట్టు అనిపిస్తుంది.

నీ మోకాలు దెబ్బతిన్నప్పుడు నువ్వు పడింది కూడా అలాగే. ఎమర్జెన్సీ గదిలో "నేనేమీ తప్పు చేయలేదమ్మా, దాదాపు ఆగిపోయే ఉన్నాను" అని ఏడ్చావు. నువ్వు తప్పు చేయలేదు తల్లీ. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది, నాకూ ఏడుపు వచ్చి చెప్పలేకపోయాను.

1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లోని మస్కెగన్‌లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన పెట్టి ఒకటిగా బిగించాడు. స్నర్ఫర్ అన్నారు దాన్ని. ఇప్పటి స్నోబోర్డుకు అదే పెద్దమ్మ. ఆయన మోకాళ్ళ గురించి ఆలోచించి ఉండడు. కానీ నువ్వు అడిగినదానికి జవాబు అక్కడే ఉంది. రెండు పాదాలూ ఒకే పలకకు కట్టేశాక ఒక కాలు తన దారిన తాను తిరిగిపోవడానికి వీలుండదు. పైగా బూట్లు మెత్తనివి. 2017లో నేను లవ్‌లాండ్ వ్యాలీలో మొదటిసారి బోర్డు మీద నిలబడినప్పుడు, మూడేళ్ళుగా మోకాలి చుట్టూ గుడ్డలా చుట్టుకుని ఉన్న భయం ఒక్కసారి వదిలింది. ఆ రోజు పన్నెండుసార్లు పడ్డాను, లెక్కపెట్టుకున్నాను. ఒక్కసారి కూడా మోకాలు నొప్పి పుట్టలేదు.

అయితే దెబ్బ మాయమైపోదు, చోటు మారుతుంది. స్కీల మీద మోకాలు పోతుంది, బోర్డు మీద మణికట్టు పోతుంది. పడబోతున్నవాళ్ళు ఎవరైనా చేయి చాపుతారు, అరచేయి మంచుకు ఆనుతుంది, ఎముక విరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకే ఇది ఎక్కువ. అందుకని మొదటి రోజు నుంచీ మణికట్టు గార్డులు వేసుకో. గార్డులున్నా సరే, పిడికిళ్ళు ముడిచి ముంజేతుల మీద పడటం ఇంటి దగ్గర పరుపు మీద అలవాటు చేసుకో. రెండో ప్రమాదం బోర్డు మడమ వైపు అంచు పట్టేయడం. వాలుకు కిందివైపు ఉన్న ఆ అంచు చటుక్కున మంచులో దిగబడితే మనిషి వెల్లకిలా పడుతుంది, తల వెనక భాగం నేలకు కొడుతుంది. హెల్మెట్ లేకుండా చదును నేల మీద కూడా నిలబడకు.

ఇంక అసలు సంగతి. నాకు పోయింది కుడి మోకాలు, నీకు ఎడమది. బోర్డు మీద ఈ తేడా చాలా పెద్దది, నువ్వు దాని గురించి ఆలోచించినట్టు లేదు. నేను ఎడమ పాదం ముందు పెట్టి నిలబడతాను. కొండ మీదికి తీసుకెళ్ళే కుర్చీల లిఫ్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు వెనక పాదం విప్పేసి, ముందు పాదం బోర్డుకు కట్టి ఉండగానే నేలను తోసుకుంటూ పోవాలి. అంటే నా దెబ్బతిన్న కాలు విడిగా ఉంటుంది, మంచి కాలు బరువు మోస్తుంది. నువ్వూ ఎడమ ముందు పెట్టావంటే సరిగ్గా తిరగబడుతుంది. బోర్డు మీద మోకాలు ఎక్కువగా మెలిపడేది వాలులో జారేటప్పుడు కాదు, ఇలా ఒక పాదం మాత్రమే కట్టి ఉన్నప్పుడు. లిఫ్టు కుర్చీలో కూర్చున్నాక కూడా బోర్డు బరువంతా ఆ ఒక్క కాలికే వేలాడుతుంది. పాదాలు ఆనించుకునే కమ్మీ ఉన్న కుర్చీ అయితే సరే, లేకపోతే విడిగా ఉన్న బూటును బోర్డు కింద పెట్టి ఎత్తి పట్టుకోవాలి. నాకు ఇది ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ముందు కుడి పాదం ముందు పెట్టి చూడు. దాన్ని గూఫీ అంటారు, పేరు చూసి నవ్వకు, ఎంతోమందికి అదే సహజం. కుదరకపోతే బలవంతం వద్దు. బోర్డు చేత్తో పట్టుకుని లిఫ్టు గేటు దాకా నడిచి వెళ్ళు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లిఫ్టు నడిపేవాళ్ళకు చేయి ఊపితే వేగం తగ్గిస్తారు. అడగడానికి మొహమాటపడకు. మొదటి రెండు రోజులు లిఫ్టు జోలికే పోకుండా మ్యాజిక్ కార్పెట్ మీదే, అంటే నిలబడితే పైకి తీసుకెళ్ళే కదిలే పట్టీ మీదే, గడిపినా నష్టం లేదు. అద్దెకిచ్చేవాళ్ళు రెండు బైండింగులనూ ఒకే కొలతలో బయటికి తిప్పి బిగించి ఇవ్వబోతే ఆపు. మామూలు నేల మీద గెంతి దిగినప్పుడు నీ పాదాలు ఏ కోణంలో వాలతాయో చూసుకుని అలాగే పెట్టమను. నా కోణం మార్చాక సాయంత్రాల నొప్పి సగం తగ్గింది.

డిసెంబరు ఎందుకు వద్దంటే, నీ ఆపరేషన్ మార్చి 27న అయింది. మీ సర్జన్ తొమ్మిది నెలలన్నారు. అది స్కీలకు చెప్పిన మాట, బోర్డుకు వర్తించదని నువ్వు అనుకుంటున్నావు. కొత్తగా అతికిన లిగమెంటు మొదట్లో బలహీనపడి, ఆ తరవాతే మెల్లగా బలం పుంజుకుంటుంది. నొప్పి లేదు కదా అని నువ్వనేది దాని గురించి ఏమీ చెప్పదు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒంటికాలి గెంతు పరీక్షలో, తొడ బలం పరీక్షలో ఎడమ కాలు కుడిదానితో పోలిస్తే 90 శాతం దాటాలి. అక్టోబరులో నీది 78 అన్నావు. బోర్డు మీద రోజంతా మోకాళ్ళు వంచే ఉండాలి. కింద కూర్చుని లేవడం గంటకు ఇరవైసార్లు. ఆ తొడ ముందు అలసిపోతుంది, నా తొడ అలసిపోయిన రోజు ఏమైందో పైన రాశాను.

ఇంకొకటి, నువ్వు పైకి అనలేదు కానీ నాకు తెలుసు. ఆల్టా స్కీ కొండ. సాల్ట్ లేక్ సిటీకి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు నువ్వు ఆఫీసు గురించి కాక ఆల్టా గురించే ముందు చెప్పావు. అక్కడ బోర్డులను రానివ్వరు. డీర్ వ్యాలీలోనూ అంతే. మారితే ఆ కొండ పోతుంది. బోర్డులను రానిచ్చే బ్రైటన్ ఉంది, బాగానే ఉంటుంది, కానీ అది ఆల్టా కాదు. నేను స్కీలు అమ్మేసిన రోజు గరాజులో ఆ రెండు కొక్కేలు ఖాళీగా కనబడితే చాలా బాధపడ్డాను. నెల్లూరులో పుట్టి, ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా మంచు చూడని మనిషిని, నిన్ను ఒక్కదాన్నే కొండ మీదికి పంపలేక నేర్చుకున్న విద్య అది. వదిలేయడం తేలిక కాలేదు. కాబట్టి నీ స్కీలు ఇప్పుడే అమ్మకు. ఉండనీ.

ఫిబ్రవరి మూడో వారం నేను సెలవు పెడుతున్నాను. అప్పటికి ఫిజియోథెరపిస్టు దగ్గర నీ పరీక్షలూ అయిపోతాయి, మంచూ లోతుగా, మెత్తగా ఉంటుంది. ఇద్దరం బ్రైటన్‌లో మొదటి రోజు పాఠానికి కలిసి వెళదాం. నేను మళ్ళీ కొత్తవాళ్ళతోనే నీ పక్కన నిలబడతాను. గోంగూర పచ్చడి, నల్లకారం తెస్తాను, నాన్న కాఫీ పొడి కూడా పంపుతానంటున్నారు.

ఈలోగా ఒక పని చెయ్యి. కొత్త లిగమెంటు కోసం నీకు మోకాలి చిప్ప కింది టెండన్ నుంచే ముక్క తీశారు కాబట్టి మంచులో మోకరించి లేస్తే అక్కడ చురుక్కుమంటుంది. మోకాలి ప్యాడ్లు ఇక్కడే కొని తెస్తాను. టేపు తీసుకుని, చిప్పకు నాలుగు వేళ్ళ పైన తొడ చుట్టుకొలత, నాలుగు వేళ్ళ కింద పిక్క చుట్టుకొలత, రెండు కాళ్ళకూ విడివిడిగా కొలిచి పంపు. ఎడమ తొడ ఇంకా సన్నగానే ఉండి ఉంటుంది. ఎంత ఉంటే అంతే రాయి, పెంచి రాయకు.

అమ్మ