మంత్రగత్తె వేషం పేరుతో మీరు పంపిన మూడు పెట్టెల గురించి

హనుమకొండ,
నవంబర్ 3.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఫొటోలో ఒకటి చూపి మరొకటి పంపడం, 'బాణామతి ముసలమ్మ' వేషాన్ని అమ్మకం నుంచి తొలగించడం గురించి.

అయ్యా,

అక్టోబర్ 31న మా ఆఫీసులో హాలోవీన్ జరుపుకోవడానికి మీ సంస్థ నుంచి 14 వేషాలు తెప్పించాం. మొత్తం 16,800 రూపాయలు. అస్థిపంజరాలు, దెయ్యాలు, గుమ్మడికాయ ముసుగులు కలిపి పదకొండు అనుకున్నట్టే వచ్చాయి, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మిగిలిన మూడూ 'మంత్రగత్తె వేషం'. మీ వెబ్‌సైట్ ఫొటోలో నల్లటి అంగీ, మొనదేలిన టోపీ, చీపురు ఉన్నాయి. మాకు వచ్చిన పెట్టెల మీద 'దేశీ బాణామతి ముసలమ్మ' అని చీటీ అంటించి ఉంది.

లోపల అద్దాలు కుట్టిన ఎర్రటి లంగా, గవ్వల రవిక, మోచేతి పైదాకా తొడుక్కునే తెల్లటి ప్లాస్టిక్ గాజులు, నెరిసిన విగ్గు, రెండు ప్లాస్టిక్ నిమ్మకాయలు, ఒక పళ్ల సెట్టు. ఆ సెట్టులో ముందు పళ్లు నాలుగు లేవు.

పెట్టె విప్పింది మహబూబాబాద్ దగ్గరి లంబాడా తండా నుంచి వచ్చి మాతో పనిచేస్తున్న అమ్మాయి. లంగాను బల్ల మీద పరిచి, అద్దాల మీద చేత్తో నిమిరి, "ఇది పేటియా. మా అమ్మమ్మ రోజూ కట్టుకునేది" అంది. తర్వాత చీటీ చదివింది. మాట్లాడకుండా మడతపెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఆ సాయంత్రం వేడుకకు రాలేదు. తనే ఉత్సాహంగా అందరి కొలతలూ తీసుకుని మీకు ఆర్డర్ పెట్టిన మనిషి.

ఆ పళ్ల సెట్టు తయారు చేయించిన వారికి దాని అర్థం తెలుసో లేదో నాకు తెలియదు. మా వైపు పల్లెల్లో మంత్రాల నెపంతో మనుషులను పట్టుకుని కొట్టినప్పుడు ముందు పళ్లు ఊడగొడతారు. నోరు తిరగకపోతే మంత్రం పారదని నమ్మకం. చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు, చంపేసిన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూ పెరిగాం. మా అమ్మ పుట్టింటి వాడలో భర్త పోయిన ఒక పెద్దావిడ ఉండేది. పక్కింటి దూడ చచ్చిపోయిన రోజు నుంచి ఆమెకు ఎవరూ నిప్పు కూడా ఇవ్వలేదు. మీరు 1,200 రూపాయలకు అమ్ముతున్నది ఆవిడ రూపాన్ని.

హాలోవీన్‌ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఐర్లండ్ పల్లెల్లో చలికాలం మొదలయ్యే ముందు రాత్రి పుట్టిన పండుగ అది. అక్కడ ముల్లంగి జాతి దుంపలను తొలిచి దీపం పెట్టేవారు, అమెరికాకు వలస వెళ్లాక గుమ్మడికాయ చేతికొచ్చింది. మేమూ గుమ్మడికాయే తొలిచి దీపం పెట్టాం, అందరూ సంతోషించారు. మొనదేలిన టోపీ మంత్రగత్తె వెనుకా కన్నీళ్లున్నాయి. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న అభియోగంపై 19 మందిని ఉరితీశారు. కానీ ఆ టోపీ పెట్టుకుని బజారులో నడిచే స్త్రీని ఇవాళ ఎవరూ అనుమానించరు. మా దగ్గర ఆ అనుమానం ఇంకా ప్రాణాలు తీస్తోంది. అందుకే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, ఆ వర్గాల వారిని మంత్రగత్తె అని ఆరోపించి హింసించడాన్ని, మనోవేదనకు గురిచేయడాన్ని నేరంగా చేర్చారు. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డ్ తెగ. వాళ్ల ఆడవాళ్ల దుస్తులకే మీరు ఆ పేరు తగిలించారు.

నవంబర్ 1న మీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. "వేషం వేషమే కదా మేడం, చినిగితే మారుస్తాం" అన్నారు. చినిగి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు.

మూడు వేషాలకు తీసుకున్న 3,600 రూపాయలు తిరిగి ఇవ్వండి, ఫొటోకూ సరుకుకూ పొంతన లేనందుకు. అంతకంటే ముఖ్యంగా, ఆ వేషాన్ని అమ్మకం నుంచి పూర్తిగా తీసేయండి. పేరు మార్చి అదే లంగాను మరో పెట్టెలో పెట్టి అమ్మితే ఒప్పుకోను. ఈ వేషం కొన్న మిగతా వారికీ ఎందుకు తీసేశారో రాయండి. మా సహోద్యోగికి క్షమాపణ లేఖ తెలుగులో పంపండి. ఆఫీసు చిరునామా మీ ఆర్డర్ వివరాల్లో ఉంది.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

మూడు పెట్టెలూ నా బీరువాలో ఉన్నాయి. ఎవరూ తొడుక్కోలేదు. మీ మనిషి వస్తే చీటీలతో సహా అప్పగిస్తాను.

ఇట్లు,
ఆర్డర్ డబ్బు చెల్లించిన మీ వినియోగదారు