ప్రపోజల్ రాసేటోళ్లందరు ఇది చదవుండ్రి

తమ్ముళ్లు, చెల్లెళ్లు, నీళ్లల్ల ఫ్లోరైడ్‌ను పట్టే సెన్సార్ మీద మీరు రాసిన బయోటెక్ కాంపిటీషన్ డ్రాఫ్ట్ మొత్తం చదివిన, ఐడియా మస్తున్నది కానీ మొదటి పేజీ అంతా ఫ్లోరైడ్ తోని మనోళ్లు పడ్డ తిప్పలే రాసిన్రు, అది రాయాల్సిందే, మన నల్గొండల మర్రిగూడ దిక్కు వంకర్లు పోయిన కాళ్లు మనం కండ్లార చూసినయే, కానీ జడ్జీలకు కావాల్సింది మీరు అడిగే ప్రశ్న ఏందనేది. "సమస్య పరిష్కరిస్తం" అంటే అది ప్రశ్న కాదు. "ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లల్ల మన సెన్సార్ రంగు మారుతదా" అని రాయుండ్రి, గది టెస్ట్ చేసి చూడొచ్చు.

ఇంకోటి, ఫ్లోరైడ్ రైబోస్విచ్‌ను, అంటే ఫ్లోరైడ్ తగిలితే జీన్‌ను ఆన్ చేసే ఆర్ఎన్ఏ ముక్కను, 2012లనే యేల్ యూనివర్సిటీల బయటపెట్టిన్రు, దానితోని సెన్సార్ చేసి కోస్టారికా నీళ్లల్ల కూడ చూసిన్రు, అందుకే "మొట్టమొదటి సెన్సార్" అన్న ముక్క తీసెయ్యుండ్రి. మన కొత్తదనం వేరే కాడ ఉంది. నల్గొండ టెక్నిక్ల, అంటే నీళ్లల్లకెళ్లి ఫ్లోరైడ్ తీసే పద్ధతిల, నీళ్లకు పటిక, సున్నం కలుపుతరు కదా, పటికల అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగ పట్టుకుంటది, ఎలక్ట్రోడ్ తోని కొలిచేటప్పుడు గూడ బఫర్ కలిపి ఆ రెండిటిని విడగొడుతరు, మరి శుద్ధి చేసిన నీళ్లల్ల మన సెన్సార్ ఫ్లోరైడ్‌ను ఉన్నదానికన్న తక్కువ చూపెడితే ఎట్ల? ఈ ప్రశ్న మన జిల్లా పిల్లలు అడగకుంటే ఎవరడుగుతరు, నాకైతే ప్రపోజల్‌కు గుండెకాయ ఇదే అనిపిస్తుంది.

కంట్రోల్స్ (పోల్చి చూసే నమూనాలు) మర్వకుండ్రి, డిస్టిల్డ్ వాటర్ ఒకటి, తెలిసిన కొలతల సోడియం ఫ్లోరైడ్ ఒకటి, రైబోస్విచ్ లేని డీఎన్ఏ ఒకటి. బడ్జెట్, బయోసేఫ్టీ ఎవరు రాస్తరో ఇయ్యాల రాత్రికల్ల ఇక్కడనే చెప్పుండ్రి.