క్రిస్టీ నాటకాన్ని హామ్లెట్ ఎలా ఆడించాడు?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కథలో కథ, నాటకంలో నాటకం గురించి 'కథల్లో దాగిన కథలు' అనే వ్యాసం వచ్చింది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. వెయ్యలేదు. పైగా మొన్న ఆదివారం ఆ వ్యాసాన్ని మెచ్చుకుంటూ మూడు ఉత్తరాలు అచ్చేశారు. ఇక రాయక తప్పలేదు.

ఆ వ్యాసం ప్రకారం, షేక్‌స్పియర్ నాటకంలో యువరాజు హామ్లెట్ రాజుగారి ముందు ఆడించేది డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ 'మౌస్‌ట్రాప్' అట! షేక్‌స్పియర్ పోయింది 1616లో. క్రిస్టీ నాటకం రంగస్థలమెక్కింది 1952లో. ఆయన ముందుచూపుకి దండం పెట్టాలి. అసలు సంగతేమిటంటే, లోపల ఆడే నాటకం పేరు 'గొంజాగో హత్య'. ఇదేం నాటకమని రాజు అడిగితే హామ్లెట్ వెటకారంగా 'ఎలుకబోను', అంటే 'మౌస్‌ట్రాప్' అంటాడు. ఆ పేరునే తర్వాత క్రిస్టీ వాడుకుంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో చూసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

సరే, తప్పులు అందరం చేస్తాం. నా బాధ అది కాదు. ఆ నాటకం ఎందుకు ఆడించాడో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. హామ్లెట్ తండ్రిని చంపింది ఇప్పుడు రాజుగా ఉన్న బాబాయేనా అని తేల్చుకోవాలి. అందుకని పాత నాటకంలో తన పంక్తులు కొన్ని దూర్చి, బాబాయి మొహం కేసి చూస్తూ కూర్చుంటాడు. బాబాయి తట్టుకోలేక దీపాలు తెమ్మని లేచిపోతాడు. అంటే అసలు నాటకం జరిగింది ప్రేక్షకుల్లో. ఇది చెప్పకుండా పేరొక్కటే చెప్తే పాఠకుడికి ఏం మిగిలింది?

సంస్కృత నాటకకర్త భవభూతిని మర్చిపోవడం ఇంకా దారుణం. ఉత్తరరామచరితం ఏడో అంకంలో వాల్మీకి రాసిన నాటకాన్ని అప్సరసలు ఆడుతుంటే రాముడు ప్రేక్షకుడిగా కూర్చుంటాడు. కథ ఆయనదే. సీతను తానే అడవికి పంపాడు, ఇప్పుడు ఆమె పడ్డ కష్టం ఎదురుగా కనిపిస్తోంది. ఇది నాటకమన్న సంగతి మర్చిపోయి కేకలు పెడితే లక్ష్మణుడు గుర్తుచేయాల్సి వస్తుంది. చివరికి మూర్ఛపోతాడు. అప్పుడు వచ్చేది వేషం వేసిన సీత కాదు, సీతే. నాకు తెలిసి నాటకంలో నాటకాన్ని ఇంతకంటే కన్నీళ్లు తెప్పించేలా వాడినవాడు లేడు. మీ వ్యాసకర్త దృష్టిలో ఆయన అసలు లేడు. పింగళి సూరన సంగతి ఇక అడగను. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ నిజమై కూర్చునే కళాపూర్ణోదయం 16వ శతాబ్దంలోనే మనకుంది.

'నెక్రోనమికాన్ దొరికితే తప్పక చదవండి' అని సలహా కూడా ఇచ్చారు. దొరకదండీ. భయానక కథలు రాసే అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ కల్పించిన పుస్తకం అది. దానికో దొంగ చరిత్ర కూడా ఆయనే 1927లో రాసుకున్నాడు. ఆయన వేళాకోళం ఇన్నేళ్ల తర్వాత మీ డెస్క్ మీద పనిచేసిందన్నమాట!

ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫులు చూసే పెద్దమనిషి ఒకరుండేవారు. ఆయన కళ్లజోడు దాటి ఇలాంటివి బయటికొచ్చేవి కావు. ఇప్పుడు పేజీ నిండితే చాలు. పత్రికలనే ఎందుకనాలి, పాఠ్యపుస్తకాలు తయారుచేసే అధికారులూ అంతే. పంచతంత్రంలోంచి సింహం, కుందేలు కథ ఊడబెరికి కింద నీతి అతికిస్తారు. ఆ కథ చెప్తున్నది దమనకుడనే జిత్తులమారి నక్క అనీ, సింహానికీ ఎద్దుకీ ఉన్న స్నేహం చెడగొట్టే ఎత్తు వేస్తూ చెప్తోందనీ పిల్లలకు ఎవరు చెప్తారు? చెప్పేవాడెవడో తెలిస్తే ఆ నీతి రుచే మారిపోతుంది. కమిటీలకు అంత ఓపిక ఎక్కడిది!

వచ్చే ఆదివారం ఆ వ్యాసానికి రెండో భాగం అని ప్రకటించారు. డాన్ క్విక్సోట్ గురించట. టెన్షన్‌గా ఉంది. కాబట్టి ముందే రాస్తున్నాను. స్పానిష్ రచయిత సెర్వాంటెస్ రాసిన ఆ నవల మొదటి భాగం 1605లో వచ్చింది. 1614లో ఇంకెవరో మారుపేరుతో నకిలీ రెండో భాగం వదిలారు. 1615లో సెర్వాంటెస్ తన రెండో భాగం తెచ్చాడు. అందులో జనం మొదటి భాగం చదివేసి ఉంటారు, కథానాయకుడు క్విక్సోట్ కనిపిస్తే గుర్తుపట్టి ఆటపట్టిస్తారు. నకిలీ పుస్తకం సంగతి కూడా క్విక్సోట్ చెవిన పడుతుంది. అందులో తనని సారగోసాకు పంపారని తెలిసి, అయితే ఆ ఊళ్లో అడుగే పెట్టనని బార్సిలోనా దారి పడతాడు. పుస్తకంలో మనిషి ఇంకో పుస్తకం మీద కోపంతో దారి మార్చుకోవడం! నేను ఎన్నిసార్లు చదివినా నవ్వాపుకోలేను. దయచేసి ఈ మూడు సంవత్సరాలూ తారుమారు చెయ్యకండి. నకిలీది సెర్వాంటెస్‌కు అంటగట్టకండి.

మీ వ్యాసం మొదటి భాగానికి సవరణ మాత్రం రెండో భాగం కంటే ముందే రావాలి. సినిమా ప్రకటన కింద చీమల్లాంటి అక్షరాల్లో కాకుండా, మూడు మెప్పు ఉత్తరాలు వేసిన చోటే వెయ్యండి.

ఇట్లు,
మీ పాత చందాదారు