సత్యానికి, చెరువు అడుగు బురద గురించి

తాళ్లరేవు,
ఏప్రిల్ 20.

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తెలిసి సంతోషించాను. చెరువులో బొచ్చె చేపలకు పేను పట్టిందనీ, సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు చల్లించావనీ, వారం తరువాత నీళ్లు పరీక్ష చేయిస్తే మందు జాడే లేదన్నారనీ రాశావు. మందు పోయినట్టే కదా, పట్టుబడి కాగానే నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేయవచ్చునా అని అడిగావు. ఆకివీడు నుంచి ఉప్పుటేరు దాకా ఆ నీళ్లతో పాటు అడుగు బురద కూడా కొంత కొట్టుకుపోతుంది. ఆ బురదలో బతికే జీవాలకు ఏమవుతుందో అడిగేవాళ్లు మన వైపు బాగా తక్కువ, అందుకే నీ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది.

మందులో కొంత ఎండకు విరిగిపోయిన మాట నిజమే కానీ, మిగిలినది అడుగుకు దిగింది. సైపర్‌మెత్రిన్ లీటరు నీటిలో కరిగేది కొద్ది మైక్రోగ్రాములే. కొవ్వులకూ, కుళ్లిన ఆకులకూ, తినగా మిగిలిన తవుడుకూ అంటుకునే గుణం మాత్రం దానికి చాలా ఎక్కువ. నీటిలో తేలే నలుసులను పట్టుకుని అది కిందికి చేరుతుంది, గాలి ఆడని నల్ల బురదలో మరింత నెమ్మదిగా విరుగుతుంది. నీళ్ల పరీక్షలో ఏమీ కనిపించకపోవడం ఇలాంటి మందు విషయంలో ధైర్యం ఇచ్చే సంగతి కానే కాదు.

ఒక పదార్థం వల్ల బురద జీవాలకు ముప్పు ఉందో లేదో తేల్చేవారు మొదట చూసేది ఈ అంటుకునే గుణాన్నే. బురదలోని సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ తవుడూ లాంటి వాటి నుంచి వచ్చిన కర్బనం, ఆ పదార్థాన్ని నీటి కంటే ఎన్ని రెట్లు పట్టి ఉంచుతుందో లెక్కగడతారు. అది వెయ్యి రెట్లకు చేరితే బురదను విడిగా పరీక్షించాలని ఐరోపా మార్గదర్శకాలు చెబుతాయి. సైపర్‌మెత్రిన్ ఆ గీతను ఎప్పుడో దాటిపోయింది. బురద మీద చేసిన పరీక్షలు లేనప్పుడు, నీటి జీవాల మీద చేసిన పరీక్షల నుంచి బురదకు తగిన హద్దును, అంటే హాని చేయదనుకునే మోతాదును, లెక్కతో రాబట్టే పద్ధతి ఒకటి ఉంది. బురద రేణువుల సందుల్లోని నీటిలో ఎంత మందు ఉంటే అంత హాని అన్నది దానికి ఆధారం. అయితే బురదనే మింగి బతికే పురుగుకు మందు పొట్టలోకి నేరుగా పోతుంది కాబట్టి, కొవ్వులో మరీ ఎక్కువగా కరిగే పదార్థాలకు ఆ ముప్పును పది రెట్లు పెంచి చూడాలంటారు. నా మట్టుకు ఆ లెక్క తొలి అంచనాకే పనికివస్తుంది, దాని మీదే తీర్పు చెప్పడం తొందరపాటు.

అసలు పరీక్ష గాజు పాత్రల్లో జరుగుతుంది. ఇసుక, తెల్ల బంకమట్టి, కొద్దిగా పీట్ అనే కుళ్లిన నాచుమట్టి కలిపి బురద తయారుచేసి, మందు పట్టించి, పైన నీళ్లు పోసి, అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన కైరోనమస్ పిల్లపురుగులను వదులుతారు. కుట్టని దోమల పిల్లలు అవి. మన చెరువు అడుగున బురద గొట్టాలు కట్టుకుని ఉండే ఎర్రటి సన్నని పురుగులు ఆ కుటుంబానివే. 28 రోజుల్లో ఎన్ని రెక్కలు తొడిగి పైకి వచ్చాయో లెక్కపెడతారు. వానపాము జాతికి చెందిన లంబ్రిక్యులస్‌తో చేసే పరీక్ష కూడా 28 రోజులదే. తల బురదలో దూర్చి, తోక నీటిలో ఆడిస్తూ మేసే జీవి అది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకో. సైపర్‌మెత్రిన్ జాతి మందులు పురుగులను, రొయ్యలను, పీతలను చంపినంత సులువుగా వానపాములను చంపవు. కాబట్టి లంబ్రిక్యులస్ ఒక్కదాని మీద పరీక్షించి భద్రమని ఇచ్చిన కాగితం నీకు ఎందుకూ కొరగాదు. కాలిఫోర్నియాలో సాగునీరు పారే వాగుల అడుగు బురదలో ఈ జాతి మందులు, రొయ్యకు దూరపు చుట్టమైన హయలెల్లా అనే చిన్న జీవిని చంపే మోతాదులో ఉన్నాయని 2000 తరువాతి సంవత్సరాల్లోనే బయటపడింది. పరీక్షలు తక్కువైన కొద్దీ హద్దును బిగించాలనే నియమం అందుకే పెట్టారు. కిలో పొడి బురదలో 5 మిల్లీగ్రాముల దాకా హాని కనిపించలేదనుకుందాం. దీర్ఘకాల పరీక్ష ఒక్క జీవి మీదే జరిగితే దాన్ని 100తో, వేర్వేరు రకాలుగా బతికే మూడు జీవుల మీద జరిగితే 10తో భాగించాలి. అంటే హద్దు మొదటి సందర్భంలో 0.05, రెండో సందర్భంలో 0.5 మిల్లీగ్రాములు. బురదలో ఉన్న మోతాదు ఆ హద్దును దాటితే ముప్పు ఉన్నట్టే.

అయితే ఒకే మోతాదు అన్ని బురదల్లోనూ ఒకేలా పనిచేయదు. గౌతమి ఒడ్డు ఇసుకలో కర్బనం దాదాపు ఉండదు కనుక మందు జీవానికి సులువుగా దొరుకుతుంది. మా కోరంగి మడ అడవుల కింద ఆకు కుళ్లిన బురద అదే మందును గట్టిగా పట్టి ఉంచుతుంది. పైగా ఆ గాజు పాత్రల్లో వేడి 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది, మన మే నెల చెరువులో అంతకు ఎంతో ఎక్కువ. మా ఏటిపాయల్లో ఉప్పునీరు కలిసిన బురదలో మండపీతలూ గుల్లలూ పెరుగుతాయి, వాటి తరఫున ఒక మంచినీటి పురుగు జవాబు చెప్పలేదు.

నాచు చంపడానికి నువ్వు వేసే మైలుతుత్తం కథ వేరు. అందులోని రాగి విరిగిపోదు. కిందటేడు కాలువలు కట్టేసినప్పుడు అడుగు బురదను పారతో కోసి చూశాను: పైన గోరు మందం గోధుమరంగు పొర, దాని కింద కుళ్లిన గుడ్డు వాసన వేసే కారునలుపు, మధ్యలో రెండు ఎర్ర పురుగులు. ఆ నలుపులోని గంధకమే రాగిని కదలకుండా పట్టి ఉంచుతుంది. గట్టు మీద పెట్టిన ఆ ముక్క సాయంత్రానికి గోధుమరంగుకు తిరిగింది. గాలి తగిలితే గంధకం పట్టు సడలి రాగి మళ్లీ కదులుతుంది. పూడిక తీసిన బురదను డ్రెయిన్ అంచున పోయవద్దని నేను మొత్తుకునేది అందుకే.

ఇక నీ చెరువు బురదను పరీక్షకు పంపడం గురించి. మొదటిసారి నేను బకెట్‌తో ఒక అడుగు లోతు దాకా తవ్వి ఇచ్చి తప్పు చేశాను. కింది శుభ్రమైన మట్టి కలిసి, మందు పలచబడి కనిపించింది. పురుగులుండేది పై పొరలోనే కాబట్టి పై 5 సెంటీమీటర్లు మాత్రమే తీసుకో. మందు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది, గాజు సీసాలే వాడు. రాగికి వేరే సీసా పెట్టి, గాలి లేకుండా నిండా నింపు. రెండింటినీ ఐసులో, చీకటిలో ఉంచు. మందుతో పాటు కర్బనం కూడా కొలవమని అడుగు, పోల్చి చూడటానికి మందు ఎన్నడూ పడని చెరువు బురద కూడా ఒక సీసా పంపు. తీసిన చోటల్లా ఎర్ర పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకో.

ఫలితం చూడకుండా తూము ఎత్తవద్దు. పట్టుబడి ఏ రోజో రాస్తే ముందురోజు సాయంత్రానికి వచ్చి, బురద నేనే దగ్గరుండి తీస్తాను.

నీ
రామం